ఫ్రిజ్ నిర్దోషి: ప్లగ్ మీటరుతో మూడేళ్లు

కరెంటు బిల్లు పెరిగినప్పుడల్లా మా ఇంట్లో నింద ఫ్రిజ్ మీద పడేది. పదమూడేళ్ల పాతది, రాత్రంతా గుర్రుమంటుంది, ఇంకెవరి మీద పడుతుంది? ఆ సంగతి తేల్చడానికే మూడేళ్ల కిందట గోడ సాకెట్టుకూ పరికరం ప్లగ్గుకూ మధ్య తగిలించే చిన్న మీటరు కొన్నాను. 16 ఆంపియర్ల రకం తీసుకోవడం మంచిదైంది, 6 ఆంపియర్లదైతే గీజరుకు పనికిరాదు.

ఫ్రిజ్‌ను వారం పాటు దానికే తగిలించి ఉంచాను. కంప్రెసర్ నడిచేటప్పుడు 140 వాట్లు చూపేది. 24 గంటలతో హెచ్చవేస్తే మూడు యూనిట్లు దాటాలి. కానీ అది ఆగి ఆగి నడుస్తుంది కనుక మే నెల ఎండల్లోనూ రోజుకు 1.3 యూనిట్లే తేలింది. దొరికిన దొంగ సెట్‌టాప్ బాక్సు. రిమోట్‌తో ఆపినా 10 వాట్లు లాగుతూనే ఉంది, నెలంతా అలాగే వదిలేస్తే ఏడు యూనిట్లు! పడుకునే ముందు గోడ స్విచ్ కట్టేయడం ఇప్పుడు నాన్నగారి పని.

లోపాలూ ఉన్నాయి. సాకెట్టు కింద ఉంటే నేల మీద బోర్లా పడుకుని అంకెలు చదవాలి. ఫోన్ ఛార్జరు పెడితే సున్నా చూపుతుంది. రూపాయల లెక్కను మాత్రం అసలు నమ్మకండి. అందులో ఒక్క రేటే పెట్టగలం, మా తెలంగాణలోనేమో శ్లాబులు. ఒక మేలో మాకు 214 యూనిట్లు వచ్చాయి. 200 దగ్గర ఆగి ఉంటే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు. దాటాం కనుక ఆ రెండు వందలకూ 5.10, పై పద్నాలుగుకు 7.70 వేసి 1,128 చేశారు. ఆ పద్నాలుగు యూనిట్లూ ఒక్కోటి 22 రూపాయలు పడ్డాయన్నమాట.

ఇంకో చిక్కు, సీలింగ్ ఫ్యానుకు ప్లగ్గే ఉండదు. దానికి ఇంటి మీటరే దిక్కయింది. మా మీటరు మీద 3200 ఇంపల్స్ అని ఉంది, అంటే ఎర్ర దీపం అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్. అన్నీ కట్టేసి హాల్లో ఫ్యాను ఒక్కటే వేశాను. 15 సెకన్లకోసారి మిణుకుమంది. ఒక యూనిట్ అంటే 36 లక్షల వాట్-సెకన్లు, 3200తో భాగిస్తే ఒక్కో మిణుకుకు 1125. ఆ 1125ను సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి: 75. తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టాక 37 సెకన్లు పట్టింది, అంటే 30 వాట్లు. రోజుకు 12 గంటల లెక్కన నెలకు 16 యూనిట్ల మిగులు. మరుసటి మేలో 196 దగ్గర ఆగాం.

ఎక్కువ మిగిల్చింది కొన్న మీటరు కాదు, ఊరికే ఉన్న ఎర్ర దీపం. అయినా కొన్నది అటకెక్కలేదు. ప్రస్తుతం పక్కింటివారి వాషింగ్ మెషీన్ దగ్గర ఉంది.