జాగ్రత్త: ఎవరూ వండి చూడని శాకాహార వంటల పుస్తకాలు అమ్ముతున్నారు

ఆన్‌లైన్‌లో శాకాహార వంటల పుస్తకాల కాంబో కొనే ఆలోచన ఉంటే, డబ్బు కట్టేముందు ఇది చదవండి. మూడు పుస్తకాల సెట్, ఎమ్మార్పీ 1,499 రూపాయలు, ఆఫర్‌లో 449. ఆకుపచ్చ అట్ట, దాని మీద మెరిసిపోయే కూరల ఫొటో. ఇలాంటి సెట్లు ఇప్పుడు రకరకాల పేర్లతో కనిపిస్తున్నాయి. నాకు వచ్చిన సెట్‌లోని వంటలు ఎవరైనా పొయ్యి మీద పెట్టి చూసినవి కావు. అంతవరకే అయితే డబ్బు పోయిందని ఊరుకునేదాన్ని. కానీ మనిషిని ఆసుపత్రి పాలు చేయగల వంటలు రెండు అందులో ఉన్నాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా ఇంట్లో వారంలో చాలా రోజులు కోడో, చేపో ఉండాల్సిందే. మావయ్యగారికి స్టెంట్ వేశాక వేటమాంసం మానేసి పప్పులు, కూరగాయలు పెంచమని డాక్టర్ చెప్పారు. ఆయన ఒక్కరికీ వేరే వండితే ఆయన తినరు, ఇంటిల్లిపాదీ మారితేనే కుదురుతుంది. పప్పు, చారు, వేపుడు మాకూ వచ్చు. రోజూ అవే పెడితే పిల్లలు కంచం ముందు నుంచి లేచిపోతారు. కొత్త రకాలు, కడుపు నిండేవి కావాలని వెతికాను. ఈ సెట్‌కి నాలుగున్నర స్టార్లు, వందలకొద్దీ మెచ్చుకోళ్లు ఉన్నాయి.

పుస్తకం తెరిస్తే గుత్తి వంకాయకి తొక్క తీసి గంటసేపు ఉడికించమని ఉంది. గోంగూర పప్పులో అరకప్పు చింతపండు గుజ్జు వేయాలి. నలుగురి సాంబారుకి రెండు టేబుల్ స్పూన్ల ఇంగువ. కందిపప్పు నానబెట్టకుండా, కుక్కర్ లేకుండా, మూకుడులో ఎనిమిది నిమిషాల్లో మెత్తబడుతుందని రాశారు. ఒకచోట పదార్థాల్లో పనీర్ ఉంటుంది, చేసే విధానానికి వచ్చేసరికి అది టోఫూ అయిపోతుంది. బెండకాయ పులుసు పక్కన మిరపకాయ బజ్జీల ఫొటో. మా అత్తగారు కళ్లజోడు పెట్టుకుని నాలుగు పేజీలు చదివి, "ఇది చెయ్యి కాల్చుకున్న మనిషి రాసింది కాదమ్మా" అని పక్కన పెట్టేశారు. రచయిత పేరు ఉంది కానీ, ఆ పేరుతో ఏ ఊళ్లో ఎవరున్నారో, ఇంతకుముందు ఏం రాశారో పుస్తకంలో ఎక్కడా లేదు. కంప్యూటర్‌తో రాయించి, ఎవరూ సరిచూడకుండా అచ్చేసి అమ్మేశారన్నది నా నమ్మకం.

ఇక అసలు భయపెట్టిన సంగతి. రాజ్మా కూరకి, గింజలు కాసేపు నానబెట్టి నేరుగా ఎలక్ట్రిక్ స్లో కుక్కర్‌లో తక్కువ వేడి మీద ఆరు గంటలు ఉంచమని రాశారు. ఇలా ఎప్పుడూ చేయకండి. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగ్గా ఉడకని నాలుగైదు గింజలు తిన్నా కొన్ని గంటల్లో విపరీతమైన వాంతులు, ఆ తర్వాత విరేచనాలు పట్టుకోవచ్చు. సన్నని వేడికి ఆ విషం పోదు, ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. కనీసం ఐదు గంటలు నానబెట్టాలి, ఆ నీళ్లు పారబోయాలి, కొత్త నీళ్లలో తెర్లే దాకా కాచి అరగంట బాగా మరిగించాలి. మన ప్రెషర్ కుక్కర్‌లో గింజ నొక్కితే నలిగేలా ఉడికిస్తే భయం లేదు. పుస్తకంలో మరిగించాలన్న మాటే లేదు.

రెండోది సొరకాయ జ్యూస్. పొద్దున్నే పరగడుపున తాగమన్నారు. చేదుగా ఉంటే ఇంకా మంచిదని, తేనె, నిమ్మరసం కలిపి తాగేయమని రాశారు! మన పెద్దవాళ్లు సొరకాయ తరిగే ముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూసేది ఎందుకు? చేదు సొరకాయలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు ఉంటాయి. ఆ రసం తాగి మన దేశంలో మనుషులు చనిపోయారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణుల బృందం దీని మీద అధ్యయనం చేసి 2012లో నివేదిక ప్రచురించింది. చేదుగా ఉన్న రసం తాగొద్దని, వేరే రసాలతో కలపొద్దని, తాగాక వాంతులు, కడుపునొప్పి మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లమని చెప్పింది. తేనె కలిపితే చేదు తెలియకుండా పోతుంది, ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది. గుండె జబ్బున్న మనిషి ఉన్న ఇంట్లోకి ఈ పేజీ వచ్చిందంటే నాకు ఇప్పటికీ కోపం ఆగడం లేదు.

పోషకాల పేజీ కూడా నమ్మకండి. పాలకూరలో మాంసంకన్నా ఎక్కువ ప్రొటీన్ ఉంటుందని ఒక పట్టిక. పచ్చి పాలకూర 100 గ్రాముల్లో ఉండేది రెండు మూడు గ్రాములే. ప్రొటీన్ కావాలంటే పప్పులు, సెనగలు, మీల్‌మేకర్, పెరుగు, పనీర్ చూసుకోవాలి. విటమిన్ బీ12 కోసం స్పిరులినా అనే నాచు పొడి చాలన్నారు. స్పిరులినాలో ఎక్కువగా ఉండేది మన ఒంటికి పనికిరాని రకం. పాలు, పెరుగు కూడా మానేసేవాళ్లయితే డాక్టర్‌ని అడిగి మాత్రలు వాడుకోవాలి.

మరొక మాట, ముఖ్యంగా శనివారాలు, కార్తీకమాసం నిష్ఠగా పాటించేవాళ్లకి. "పూర్తి శాకాహారం" అన్న ఇదే సెట్‌లో కట్లెట్‌కి గుడ్డు, ఫ్రైడ్ రైస్‌కి వూస్టర్‌షైర్ సాస్, పుడ్డింగ్‌కి జెలటిన్ ఉన్నాయి. ఆ సాస్‌లో మామూలుగా ఆంకోవీ చేపలు ఉంటాయి, జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. విదేశీ వంటకాల్లో ఇలాంటివి చాలా దూరతాయి, కొనే సీసా మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూడండి.

వెనక్కి ఇస్తానంటే, ప్యాకెట్ చించారు కాబట్టి రిటర్న్ లేదని అమ్మినవాళ్లు తేల్చేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాక డబ్బు తిరిగొచ్చింది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మే వేదిక 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆర్డర్ వివరాలు, తప్పులున్న పేజీల ఫొటోలు దగ్గర పెట్టుకోండి.

కొనేముందు నేనిప్పుడు చూసేది ఇదీ: మీకు కళ్లు మూసుకుని చేయగలిగిన వంట ఒకటి ఆ పుస్తకం శాంపిల్ పేజీల్లో వెతకండి. అది తప్పుగా ఉంటే మిగతావి చూడక్కర్లేదు. శాంపిల్ పేజీలే లేకపోతే కొనకండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబర్) ఉంది కదా అని ధైర్యపడొద్దు, అది ఎవరైనా తీసుకోవచ్చు. రివ్యూల్లో "నేను ఈ కూర వండాను, ఇలా వచ్చింది" అన్న మాట కోసం చూడండి. ఈ సెట్ మెచ్చుకోళ్లలో కాగితం, అట్ట, డెలివరీ గురించే ఉంది. వీలైతే డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లోనో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలోనో చేత్తో తిరగేసి కొనండి. వెయ్యి వంటల లావు పుస్తకంకన్నా, వండిన మనిషి రాసిన యాభై వంటల పలుచని పుస్తకం నయం. ఏం ఎంత తినాలో తెలియాలంటే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ఇలాంటి సెట్ ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే రాజ్మా, సొరకాయ జ్యూస్ పేజీలు ముందు వెతకండి. నేను చెప్పినట్టే ఉంటే ఆ పేజీల ఫొటో తీసి, అమ్మిన చోటే రివ్యూలో పెట్టండి. పుస్తకాన్ని మాత్రం లైబ్రరీకో, కొత్తగా కాపురం పెట్టిన పిల్లలకో ఇవ్వకండి.