స్కోప్‌తో ఫొటోలు తీసేవాళ్ళకి పొడుగు ప్లేట్: బాగా వాడాక చెప్తున్నా

ముందే చెప్పేస్తున్నా, నాకు ఈ ప్లేట్ అంటే పిచ్చి ఇష్టం. ట్రైపాడ్ హెడ్‌కీ (కాళ్ళ మీద తిరిగే భాగం) స్కోప్‌కీ (పక్షుల్ని చూసే చిన్న టెలిస్కోప్) మధ్య పెట్టే 8 అంగుళాల అల్యూమినియం పట్టీ, అంతే. కానీ ట్రైపాడ్ మార్చకుండానే నా ఫొటోలు మారాయి.

మేముండేది చెన్నై వేళచ్చేరిలో, పక్కనే పళ్ళికరణై. చిత్తడి నేల కాబట్టి లోపలికి దిగలేం, రోడ్డు పక్క నుంచే చూడాలి, ఫ్లెమింగోలు ఎక్కడో దూరంగా ఉంటాయి. స్కోప్‌ని 30ఎక్స్‌లో (30 రెట్లు పెద్దగా కనపడేట్టు) పెట్టి ఫోన్ తగిలిస్తే దాదాపు 780 ఎంఎం లెన్స్ లెక్క, వేలు తగిలినా బొమ్మ ఊగిపోద్ది. ట్రైపాడ్ కాళ్ళు మార్చు, కార్బన్ ఫైబర్‌వి కొను అని అందరూ అన్నారు గానీ నా ట్రైపాడ్ కాళ్ళు గట్టివే. తేడా బరువులో ఉంది. స్కోప్ కింద పాదం ఖాళీ స్కోప్‌కి సరిపోయేట్టు ఉంటుంది, మనం ఐపీస్ (కన్ను పెట్టి చూసే చివర) దగ్గర అడాప్టరూ కెమెరా పెట్టేసరికి బరువంతా వెనక్కి పోతుంది, పక్షి కన్ను మీద ఫోకస్ చేసి చెయ్యి తీయగానే వెనక దిగి ముందు లేచి ఫ్రేమ్ నిండా ఆకాశమే మిగుల్తుంది. అలాగని హెడ్ నాబ్ బిగిస్తే పక్షి కదిలినప్పుడు హెడ్ సాఫీగా తిరగదు.

పొడుగు ప్లేట్ ఉంటే స్కోప్‌ని ముందుకు జరపొచ్చు. కెమెరాతో సహా అన్నీ బిగించేసి, స్కోప్‌ని ఓ చేత్తో పట్టుకునే టిల్ట్ (పైకీ కిందికీ వంచే నాబ్) వదులు చేసి, వదిలేసినా ఎక్కడ పెడితే అక్కడే నిలబడేదాకా కొంచెం కొంచెం జరపాలి. ఆ చోట టేప్ ముక్క అంటించా, ఫోన్‌కి ఒకటి, మిర్రర్‌లెస్ కెమెరాకి ఇంకోటి. మొదటిసారి అది అలా నిలబడ్డప్పుడు భలే అనిపించింది, నాబ్ దాదాపు వదులుగానే ఉంది మరి!

ఇక పులికాట్‌లో జరిగింది. గద్ద ఒకటి నీళ్ళ మీదుగా తక్కువ ఎత్తులో పోతుంటే దాని వెంట తిప్పుతున్నా, హెడ్ తిరుగుతోంది గానీ స్కోప్ వెనకబడిపోతోంది. చూస్తే పాదం దగ్గరున్న ఒకే ఒక్క స్క్రూ చుట్టూ ప్లేట్ తిరిగిపోయింది. మెలితిప్పే బలమంతా ఆ ఒక్క స్క్రూయే ఆపాలి కదా, నాణెంతో ఎంత బిగించినా కాసేపటికి మళ్ళీ అదే, ఆ పూటంతా అలాగే పోయింది. షాపులో ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు, దాని మీద నాకింకా కోపమే. తర్వాత పాదాన్ని ఆపే చిన్న అంచు ఉన్న ప్లేట్ తెచ్చా, ఇప్పటిదాకా కదల్లేదు. మీ స్కోప్ పాదానికి రెండు రంధ్రాలుంటే రెండు స్క్రూలు వేసేయండి, ఇంకా మంచిది.

ఏ హెడ్ మీదైనా ఇది పనిచేస్తుందని ఇదివరకు చాలామందికి చెప్పా, అది తప్పు. చిన్న బాల్ హెడ్ (గుండు మీద అన్ని వైపులా వంగేది) మీద లాభం సగమే, పక్కకి ఒరిగితే ప్లేట్ ఏం చేయలేదు. ఫ్లూయిడ్ హెడ్ (వీడియోవాళ్ళు వాడే, సాఫీగా తిరిగే రకం) ఉంటేనే దీని సుఖం తెలుస్తుంది. గాలికి కూడా ఇది మందు కాదు, మధ్యాహ్నం సముద్రం గాలి మొదలైతే మధ్య కాలమ్ పూర్తిగా దించి, కొక్కేనికి బ్యాగు వేలాడదీసి అది నేలకి ఆనేట్టు చూడాలి, లేకపోతే బ్యాగే ఊగుతూ ట్రైపాడ్‌ని ఊపుతుంది. రోడ్డు మీద లారీ పోతుంటే ఆగి, 2 సెకన్ల టైమర్‌తో కొట్టడమే.

నేను ఒకేచోట నిలబడి తీసేవాణ్ణి, అదీ ఎక్కువగా ఫోన్‌తోనే, కాబట్టి నాకు కుదిరింది. కొండలెక్కేవాళ్ళకి ఈ ప్లేట్ బరువు, పైగా ఫ్లూయిడ్ హెడ్ మోయడం గిట్టుబాటు అవుతుందో లేదో వాళ్ళే చూసుకోవాలి.