పట్టపగలు చించిల్లాలు చూపిస్తామంటే నమ్మకండి

చిలీలో ఇయాపెల్ వైపు వెళ్ళే మనవాళ్ళకి ముందుగా ఒక మాట. ఎండవేళ కొండ మీద అడవి చించిల్లాలు (ఎలుక జాతికి చెందిన, మెత్తటి బొచ్చున్న చిన్న జంతువులు) చూపిస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఒక్క పేసో కూడా ఇవ్వకండి. మా దగ్గర మనిషికి 28,000 చొప్పున నలుగురికి 1,12,000 పేసోలు తీసుకున్నారు. మేం వెళ్ళినప్పటి రేటులో దాదాపు పదివేల రూపాయలు.

మావారి ఉద్యోగం వల్ల శాంటియాగోలో ఉంటున్నాం. ఫిబ్రవరిలో రాజమండ్రి నుంచి అత్తయ్యగారు వచ్చారు. మా అబ్బాయికి చించిల్లాలంటే ప్రాణం. ఒకటి కొనిపెట్టమని ఏడాదిగా పోరుతున్నాడు. కొనడం కాదు, అవి పుట్టిన నేల మీదే చూపిద్దాం అనుకుని బయల్దేరాం. బస్సు మనిషికి 11,500 పేసోలు, నాలుగు గంటలు దాటిన ప్రయాణం, సుఖంగానే సాగింది.

బస దగ్గరే మొదలైంది గొడవంతా. రాత్రికి 62,000 తీసుకున్న గదిలో వేడినీళ్ళు ఒక్కరి స్నానానికి కూడా సరిపోలేదు. దుప్పట్లు ముక్కిపోయిన వాసన. మేం మాంసం ముట్టుకోం అని రెండుసార్లు చెప్పినా పొద్దున బ్రెడ్డు మధ్యలో హామ్ (పంది మాంసం) పెట్టి తెచ్చారు. ఇదేంటని అడిగితే ఆ ముక్క తీసేసి, అదే బ్రెడ్డు మళ్ళీ అత్తయ్యగారి ముందు పెట్టారు. ఆవిడ టీ తాగి లేచిపోయారు. మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

చించిల్లా టూర్ కూడా ఆ బస వాళ్ళదే. "గ్యారంటీగా కనిపిస్తాయి" అన్నారు. పదకొండు గంటల ఎండలో ఊరి బయట ఒక కొండకి తీసుకెళ్ళారు. నీడ లేదు, ముళ్ళపొదలూ కాక్టస్‌లూ తప్ప ఏమీ లేవు. కాసేపటికి ఆ గైడు పొదల కింద పరిగెడుతున్న గోధుమరంగు జంతువుల్ని చూపించి "చించిల్లా, చించిల్లా" అని అరిచాడు. మావారు ఫొటోలు తీస్తున్నారు. మా అబ్బాయి మాత్రం నా చెయ్యి గుంజి, "అమ్మా, తోక చూడు, అవి డేగూలు" అన్నాడు.

వాడన్నది నిజం. డేగూ కూడా దక్షిణ అమెరికా ఎలుక జాతిదే. చించిల్లాకి దూరపు చుట్టం, కుటుంబం వేరు. గోధుమరంగు ఒళ్ళు, సన్నటి తోక, తోక చివర నల్లటి కుచ్చు. గుంపులుగా పగలే తిరుగుతుంది. ఆ తోక పట్టుకుంటే చర్మం ఊడొచ్చేస్తుంది, అది పారిపోతుంది. చించిల్లా బూడిదరంగులో ఉంటుంది, గుండ్రటి పెద్ద చెవులు, బొచ్చు తోక. పగలంతా రాళ్ళ సందుల్లో దాక్కుని చీకటి పడ్డాకే బయటికొస్తుంది. ఎవరైనా పట్టుకుంటే కొంత బొచ్చు వాళ్ళ చేతిలో వదిలేసి తప్పించుకుంటుంది. ఆ గైడుకి ఈ తేడా తెలియదంటే నేను నమ్మను. చించిల్లాలు పుట్టిన ఊళ్ళోనే ఉంటూ, పిల్లాడి ముందు ఇంకో జంతువుని చూపించి డబ్బు తీసుకోవడం నన్ను బాగా బాధపెట్టింది. తిరుగు దారంతా మా వాడు కారు కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు బస్టాండు దగ్గర ట్యాక్సీ మాట్లాడుకుని, రానుపోను, అక్కడ ఆగినందుకు కూడా కలిపి 30,000 ఇచ్చి లాస్ చించిల్లాస్ నేషనల్ రిజర్వుకి వెళ్ళాం. ఇయాపెల్‌కి ఉత్తరంగా పదిహేను కిలోమీటర్ల దూరంలో, ఆవుకో దగ్గర ఉంది. పొడవు తోక చించిల్లాల కోసం 1983లో ఏర్పాటు చేశారు, నాలుగువేల హెక్టార్లకి పైనే. ముందే అక్కడికి వెళ్ళి ఉంటే ఆ టూర్ ఊసే వచ్చేది కాదు. అక్కడి గార్డుని మీరెన్ని ప్రశ్నలైనా అడగొచ్చు. మా అబ్బాయి అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబిచ్చారు. అక్కడ 'నాక్టురామా' అని ఒక చీకటి గది ఉంది. పగలూ రాత్రీ తారుమారు చేసి, మనం వెళ్ళే వేళకి జంతువులు మెలకువగా ఉండేలా ఏర్పాటు చేశారు. ఎర్రటి మసక వెలుతురులో మొదట ఏమీ కనబడలేదు. కళ్ళు అలవాటు పడ్డాక ఒకటి రాయి మీద నుంచి దూకి, దుమ్ములో పడి గిరగిరా పొర్లింది. ఆ బొచ్చుకి స్నానం అదే. ఒక్కో రంధ్రం నుంచి యాభైకి పైగా వెంట్రుకలు వస్తాయి, తడిస్తే ఓ పట్టాన ఆరవు. అత్తయ్యగారు అద్దానికి ముఖం ఆనించి ఎంతసేపు నిలబడ్డారో! ముందురోజు నీరసమంతా పోయింది.

ఆ బొచ్చే వాటి ప్రాణం తీసింది. ఒక్క కోటుకి వందకు పైగా చర్మాలు కావాలి. లక్షల్లో చంపి యూరప్‌కి, అమెరికాకి పంపారు. 1910లో చిలీ, బొలీవియా, పెరూ, అర్జెంటీనా వేట ఆపాలని ఒప్పందం చేసుకునేసరికే చాలా చోట్ల మిగల్లేదు. 1923లో మాథియాస్ చాప్‌మన్ అనే గనుల ఇంజినీరు 11 చించిల్లాల్ని కాలిఫోర్నియా తీసుకెళ్ళాడు. ఇప్పుడు ఇళ్ళల్లో పెంచుకునే వాటిలో ఎక్కువ భాగం వాటి సంతతే. అడవిలో మిగిలినవి మాత్రం ఇప్పటికీ అంతరించిపోయే ప్రమాదంలోనే ఉన్నాయి. అందుకే ఆ దొంగ టూర్ల మీద నాకు అంత కోపం. ఆ డబ్బు నిజంగా కాపలా కాసేవాళ్ళకి అందాలి.

తిరిగొచ్చేటప్పుడు ఊళ్ళో ఓ చిన్న హోటల్లో పోరోతోస్ గ్రానాదోస్ తిన్నాం. తాజా చిక్కుడుగింజలు, మొక్కజొన్న, గుమ్మడికాయ కలిపి ఉడికిస్తారు. ప్లేటు 5,500. ఉల్లిపాయ, కొత్తిమీర, మిరపకాయ తరిగి కలిపిన పెబ్రే పక్కన పెట్టారు. అత్తయ్యగారు రెండోసారి వడ్డించమని అడిగింది ఈ దేశంలో ఇదొక్కటే. ఫిబ్రవరిలో వస్తే వదలకండి.

గది ఖాళీ చేసేటప్పుడు టూర్ డబ్బు తిరిగివ్వమని గట్టిగా నిలబడ్డాం. 40,000 ఇచ్చారు, మిగతా 72,000 రాలేదు.

చించిల్లా కుటుంబాన్ని పగటి వెలుగులోనే, అడవిలోనే చూడాలని ఉంటే ఉత్తరాన లౌకా నేషనల్ పార్కుకి వెళ్ళండి. ఆ తర్వాత మేం ముగ్గురం వెళ్ళాం. అరికా నగరం నుంచి వ్యాను టూర్ మనిషికి 42,000. లాస్ కువేవాస్ దగ్గర రాళ్ళ మీద విస్కాచాలు పొద్దుటి ఎండ కాచుకుంటూ కూర్చుని ఉన్నాయి. కుందేలు చెవులు, పొడుగు తోక, సగం మూసిన కళ్ళు. చించిల్లాకి ఇవి సొంత కుటుంబమే. మా వాడు దూరం నుంచే తొమ్మిదింటిని లెక్కపెట్టాడు. కాకపోతే అక్కడ ఎత్తు నాలుగువేల మీటర్లు దాటుతుంది, నాకు తలనొప్పి పట్టుకుంది. 3,500 మీటర్ల ఎత్తులో ఉన్న పుత్రేలో ఒక రాత్రి ఆగి వెళ్తే మేలు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళకపోవడమే మంచిదని అత్తయ్యగారిని శాంటియాగోలోనే ఉంచేశాం. ఆ ఫొటోలు చూసినప్పటి నుంచి ఆవిడకి మా మీద కోపం తగ్గలేదు.