ఉప్పుగాలికీ, సరుగుడు కట్టెకీ తట్టుకున్న కత్తి

నేను ఉండేది బారువ తీరానికి దగ్గరలో. సెలవు దొరికితే మందస వైపు మహేంద్రగిరి అడుగు కొండలకో, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసిన సీతంపేట అడవికో వెళ్తుంటాను. కొన్నేళ్లుగా నా నడుముకు ఉన్నది మడత లేని ఒకే కత్తి. బ్లేడు పొడవు నాలుగున్నర అంగుళాలు, వెన్ను మందం 4 మిల్లీమీటర్లు. ఉక్కు 14సి28ఎన్ అనే స్టెయిన్‌లెస్ రకం, పిడి మైకార్టా (బట్ట పొరలను రెసిన్‌తో అతికి గట్టిపరిచిన పదార్థం), ఒర కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్. ఇంత వాడకం తరువాత నా అభిప్రాయం స్పష్టంగా ఉంది. మన తీర ప్రాంతంలో కత్తి పనితనాన్ని ముందుగా తేల్చేది తుప్పు, ఆ తరువాత పదును వెనుక ఉన్న లోహపు పలచదనం. మందమూ, భీకరమైన రూపమూ వాటి తరువాతే వస్తాయి.

దీనికి ముందు 1095 రకం కార్బన్ ఉక్కు కత్తి వాడాను. అందులో కార్బన్ సుమారు 0.95 శాతం ఉంటుంది, తుప్పును ఆపే క్రోమియం మాత్రం దాదాపు ఉండదు. పదును చక్కగా పడుతుంది, సానకు సులువుగా లొంగుతుంది, ఆ గుణాన్ని నేను ఇప్పటికీ ఇష్టపడతాను. అయితే వానాకాలంలో రాత్రి తుడిచి పెట్టిన కత్తిని ఉదయం తీసి చూస్తే, బ్లేడు మీద చెక్కిన అక్షరాల గాడుల్లో నారింజ రంగు చుక్కలు కనిపించేవి. జీడితోటలో పని పడితే మరీ ఇబ్బంది. జీడిపండు వగరుకు కారణమైన టానిన్లు ఇనుముతో కలిసి నల్లటి పదార్థంగా మారతాయి కాబట్టి, పండు కోసిన కాసేపటికే బ్లేడు సిరా పూసినట్టు అయ్యేది. 14సి28ఎన్‌లో 14 శాతం క్రోమియంతో పాటు కొద్దిగా నైట్రోజన్ కూడా ఉండటం వల్ల అదే పండు కోసినా నీళ్లతో కడిగితే మరక పోతోంది. అలాగని స్టెయిన్‌లెస్‌కు తుప్పే పట్టదని నమ్మకూడదు. ఉప్పులోని క్లోరైడు, క్రోమియం ఏర్పరిచే పలుచని రక్షణ పొరను అక్కడక్కడా ఛేదిస్తుంది. పిడి మొదట్లో, నీరు నిలిచే సందులో, సూదిమొన అంత గుంటలు రెండు నా కత్తికీ పడ్డాయి. సముద్రం దగ్గర వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చాకే ఒరలో పెట్టాలి.

పదును విషయానికి వస్తే, మన దగ్గర కత్తికి అసలైన పరీక్షలు సరుగుడూ, వెదురూ. ఎండిన సరుగుడు కట్టెను నిలబెట్టి, కత్తి వెన్ను మీద మరో కర్రతో కొడుతూ చీల్చేటప్పుడు ముడి తగిలితే పదును ఒక పక్కకు ఒరిగిపోతుంది. వెదురు పైపొరలో సిలికా ఉంటుంది కాబట్టి అది పదునును నెమ్మదిగా అరగదీస్తుంది. దీపం కింద పదునును పైకి తిప్పి చూస్తే మంచి పదును ఉన్నచోట ఏమీ కనిపించదు, మొద్దుబారిన చోట మాత్రం సన్నని తెల్లటి గీత మెరుస్తుంది. ఆ గీత కనిపించిన చోటే సానరాయి మీద, ఒక్కో పక్కకు సుమారు 20 డిగ్రీల కోణంలో నాలుగు రుద్దులు రుద్ది, పాత తోలు బెల్టు మీద లాగితే పని అయిపోతుంది. ఇన్నేళ్లలో పెచ్చు ఊడటం మాత్రం చూడలేదు. పిడి లోపలి మైకార్టా బట్ట పొరలు తడిస్తే పట్టు తగ్గకపోగా కాస్త పెరుగుతుంది. చెమట కారే మే నెలలో ఇది చిన్న విషయం కాదు.

టాక్టికల్ (సైనిక తరహా) పేరుతో అమ్మే హంగుల్లో చాలావాటిని నేను కోరుకోను. వెన్ను మీద రంపపు పళ్లుంటే కొట్టే కర్ర నలిగిపోతుంది, కట్టె చీల్చడానికి ఆ వెన్ను పనికిరాదు. బోలు పిడి ఉన్న కత్తిలో బ్లేడు పిడికి కలిసే చోటే బలహీనం. పిడి చివరి వరకూ పూర్తి వెడల్పుతో ఉక్కు సాగిన కత్తి మంచిదే కానీ, అదొక్కటే కొలమానం కాదు. అమెరికా మెరైన్లు 1942లో స్వీకరించిన, 7 అంగుళాల బ్లేడున్న కా-బార్ అనే కత్తిలో ఉక్కు సన్నగా తోలు బిళ్లల మధ్య నుంచి వెళ్తుంది. అయినా అది యుద్ధకాలమంతా పనిచేసింది. బ్లేడు పిడిలోకి దిగే మూల పదునుగా కాక గుండ్రంగా ఉందా, ఉక్కుకు వేడి చికిత్స (గట్టిపడేలా కాల్చి చల్లార్చడం) సరిగా జరిగిందా అన్నవి అంతకంటే ముఖ్యం. తడిసిన నైలాన్ తాడుకు పళ్లున్న బ్లేడు మెరుగే, కానీ ముతక సానతో ఆపేసిన మామూలు పదును కూడా ఆ తాడును బాగానే పట్టుకుని కోస్తుంది.

తోలు ఒర అందంగా ఉంటుంది గానీ తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. తీరంలో కత్తిని అందులో నెలల తరబడి ఉంచకండి. కైడెక్స్ ఒర తీసుకుంటే అడుగున నీరు పోయే రంధ్రం ఉందో లేదో చూడండి. ఇసుక చేరితే బ్లేడు మీద గీతలు పడతాయి, అప్పుడప్పుడు కడగాలి. పూతకు కొబ్బరినూనె వాడితే కొన్నాళ్లకు కనరు వాసన వచ్చి జిగురవుతుంది. మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారాఫిన్ ఒక చుక్క చాలు.

ఖర్చు వద్దనుకునేవారికి లారీ కమాన్ పట్టీతో మన కమ్మరులు చేసే కత్తి నిజంగా మంచి ప్రత్యామ్నాయం. ఆ ఉక్కు దెబ్బలకు బాగా తట్టుకుంటుంది, కొమ్మలు నరకడంలో నా కత్తి దాని ముందు నిలవదు. తుప్పు మాత్రం పడుతుంది, ఉక్కును కాల్చి గట్టిపరిచే చేతిని బట్టి నాణ్యత మారుతుంది.

పొడవు గురించి చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. ఇల్లు, వ్యవసాయం, పరిశ్రమల వంటి పనులకు రూపొందించినవి కాకుండా, బ్లేడు 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న కత్తులను ఆయుధ నిబంధనలు ఆయుధాల జాబితాలో చేర్చాయి. విమానంలో చేతి సంచిలో ఏ కత్తినీ అనుమతించరు. అడవిలో పనులకు నాలుగు నుంచి ఐదు అంగుళాల బ్లేడు చాలు.

నా కత్తిలో మార్చాలనుకునేది ఒక్కటే. 4 మిల్లీమీటర్ల వెన్ను సరుగుడు చీల్చడానికి బాగున్నా, ఉల్లిపాయ కోస్తే అది తెగడానికి బదులు చీలిపోతుంది, లేత వెదురును సన్నగా చీల్చడానికీ కత్తి మొరాయిస్తుంది. మరొకటి కొనే రోజు వస్తే ఇదే ఉక్కు, ఇదే పిడి, 3 మిల్లీమీటర్ల వెన్ను ఉన్నది తీసుకుంటాను.