పాత పుస్తకాలు మన బీరువాలోనా, ఆర్కైవ్‌లోనా? క్వేకర్ చరిత్ర సంఘానికి ఏది మేలు?

ముందే చెప్పేస్తాను, నేను క్వేకర్‌ని కాను. ఫ్రెండ్స్ అని కూడా పిలిచే ఒక క్రైస్తవ సమాజం వాళ్లది. మేం టొరంటోకి ఉత్తరాన న్యూమార్కెట్ దగ్గర్లో ఉంటాం. యంగ్ స్ట్రీట్ మీద ఆఫీసుకి వెళ్తూ రోజూ ఒక చిన్న చెక్క కట్టడాన్ని చూసేవాణ్ణి. శిలువ లేదు, గంట లేదు, గోపురం లేదు, ఊరి బడిలాగా ఉండేది. 1810, 1812 మధ్య కట్టిన క్వేకర్ మీటింగ్ హౌస్ అది, అంటే వాళ్ల ప్రార్థన మందిరం, ఇప్పటికీ ఆదివారం జనం మౌన ప్రార్థనకి కూర్చుంటారు. ఒకరోజు లోపలికి వెళ్లాను, గంటసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు, బయటికొచ్చాక ఒక పెద్దావిడ "పాత చేతిరాత చదవడం వచ్చా?" అని అడిగారు. అలా మొదలైంది. తర్వాత చుట్టుపక్కల క్వేకర్ చరిత్రను కాపాడే ఒక చిన్న సంఘంలో చేరాను. ఎవరికీ జీతం లేదు, పాతిక మంది దాకా సభ్యులం, పని చేసేది ఏడెనిమిది మంది.

ఆ ఏడెనిమిది మందిమి రెండేళ్లుగా తేల్చుకోలేకపోయిన ప్రశ్న ఇదే. మా దగ్గరున్న మినిట్స్ పుస్తకాలు, ఉత్తరాలు, పెళ్లి పత్రాలు మా గదిలోనే ఉంచుకోవాలా, పాత కాగితాలు భద్రపరిచే ఏదైనా పెద్ద ఆర్కైవ్‌కి అప్పజెప్పాలా? దీని మీద నేను చదివింది, చూసింది, చివరికి నాకు సరైందనిపించింది రాస్తున్నాను. ఇలాంటి చిన్న సంఘం నడిపేవాళ్లకి ఎక్కడున్నా ఈ ప్రశ్న ఎదురవుతుంది.

అసలు క్వేకర్లకి కాగితాలు ఎందుకంత ముఖ్యమో తెలియకపోతే ఈ గొడవ అర్థం కాదు. 1650ల్లో ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్, మార్గరెట్ ఫెల్ లాంటివాళ్లతో మొదలైన ఈ సమాజంలో, మౌనంగా కూర్చునే ఈ శాఖకి పూజారి ఉండడు. వ్యవహారాలు మాట్లాడుకునే సమావేశంలో ఓటింగ్ కూడా ఉండదు. అందరూ ఒక మాట మీదకి వచ్చారనిపించాక సమావేశం నడిపే క్లర్క్ అక్కడికక్కడే ఆ మాట రాసి చదివి వినిపిస్తారు, అందరూ సరే అంటేనే అది మినిట్. అంటే వాళ్ల చరిత్రంతా ఆ మినిట్స్ పుస్తకాల్లోనే ఉంది. ఆడవాళ్ల సమావేశాలు వేరుగా జరిగేవి, వాళ్ల మినిట్స్ వాళ్లే రాసుకునేవాళ్లు, కాబట్టి మామూలు రైతు ఇళ్ల ఆడవాళ్ల చేతిరాత, వాళ్ల తీర్పులు మనకి నేరుగా దొరుకుతాయి. వేరే చోట ఇది ఎంత అరుదో ఊళ్ల చరిత్ర వెతికినవాళ్లకి తెలుసు. పెళ్లికి వచ్చినవాళ్లంతా పత్రం మీద సంతకం పెడతారు, పిల్లలతో సహా. ఊరు మారితే పాత మీటింగ్ (ఒక ఊరి క్వేకర్ల బృందాన్ని కూడా మీటింగ్ అనే అంటారు) నుంచి కొత్త మీటింగ్‌కి ఒక సర్టిఫికెట్ వెళ్లేది. 1801లో టిమొతీ రోజర్స్ అనే ఆయన వర్మాంట్ నుంచి క్వేకర్ కుటుంబాలని ఈ యంగ్ స్ట్రీట్ వైపు తీసుకొచ్చాడు. ఆ వలసలో ఎవరెవరు ఎక్కడి నుంచి కదిలి ఎక్కడ తేలారో ఆ సర్టిఫికెట్లు పట్టుకుని ఇవాళ్టికీ చెప్పొచ్చు.

సరే, మొదటి దారి: మన దగ్గరే ఉంచుకోవడం.

దీనికి నేను చాలా కాలం గట్టి మద్దతుదారుణ్ణి. పుస్తకం చేతికందేంత దూరంలో ఉంటుంది. ఉద్యోగం చేసేవాడికి శనివారం సాయంత్రం ఏడింటికి తాళం తీసి చదువుకునే వీలుంటుంది, ఆర్కైవ్ అయితే వారపు రోజుల్లో ముందుగా చెప్పి, సెలవు పెట్టుకుని వెళ్లాలి. అన్నిటికంటే పెద్ద లాభం, కాగితాలున్న చోటికే మనుషులొస్తారు. ఎవరో తాత గురించి వెతుక్కుంటూ వచ్చి, ఆయన సంతకం ఉన్న పేజీ కళ్లారా చూసి, మరుసటి నెల నుంచి మాతో పని చేసినవాళ్లున్నారు.

ఈ దారిలో నడిచిన సంఘాల్లో నాకు బాగా నచ్చింది డబ్లిన్. అక్కడి రాథ్‌ఫార్నమ్‌లో ఐర్లండ్ క్వేకర్ల చరిత్ర గ్రంథాలయం ఉంది, నడిపేది వాలంటీర్లే, వారంలో కొద్ది గంటలే తెరుస్తారు. విలియం ఎడ్మండ్‌సన్ 1654లో లర్గన్‌లో మొదటి మీటింగ్ పెట్టినప్పటి నుంచీ ఐర్లండ్ క్వేకర్లు రికార్డులు జాగ్రత్తగా దాచుకుంటూ వచ్చారు. 1922 జూన్ చివర్లో అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ప్రాంగణం తగలబడి, ప్రభుత్వ రికార్డుల భవనం అందులో బూడిదైంది. 1821 నుంచి 1851 దాకా జనాభా లెక్కల కాగితాలు దాదాపు మొత్తం పోయాయి. భద్రంగా ఉంటాయని చర్చ్ ఆఫ్ ఐర్లండ్ వాళ్లు అక్కడికి పంపిన వందలాది పారిష్ (ఊరి చర్చి) రిజిస్టర్లు కూడా పోయాయి. క్వేకర్ల పుట్టుకలు, పెళ్లిళ్లు, చావుల పుస్తకాలు మాత్రం వాళ్ల దగ్గరే ఉన్నాయి కాబట్టి మిగిలాయి. ఎవరైనా "పెద్ద సంస్థకి ఇచ్చేస్తే చాలు, ఇక భయం లేదు" అన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

మరి నా మనసు ఎందుకు మారింది? ఒక పైపు వల్ల. రెండు చలికాలాల కింద మేం అద్దెకి తీసుకున్న బేస్‌మెంట్ గదిలో గోడ వెంట వెళ్లే పైపు గడ్డకట్టి పగిలింది. శుక్రవారం రాత్రి పగిలితే ఆదివారం మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలియదు. కింది అరలోని ఒక పెట్టె నిండా నీళ్లు. మినిట్స్ పుస్తకాలు రెండు ఉబ్బి, అట్టలు జారిపోయి, పేజీల అంచుల్లో సిరా లేత గోధుమరంగులో పాకుతోంది. తడిసిన కాగితానికి రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది, దాన్ని ఆపాలంటే వెంటనే ఫ్రీజ్ చేయాలి. ఈ సంగతి ఆ పెద్దావిడకి తెలిసి ఉండడం మా అదృష్టం. ఎనభై దాటిన మనిషి, మారు మాట్లాడకుండా పుస్తకాలని మైనం కాగితంలో చుట్టి కారులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లి, తన ఫ్రీజర్‌లోని బఠాణీల ప్యాకెట్లు, రొట్టెలు అన్నీ బయట మంచులో పెట్టేసి వీటిని లోపల పెట్టారు. తర్వాత ఒక్కొక్కటే తీసి, పేజీల మధ్య బ్లాటింగ్ పేపర్ మారుస్తూ, ఫ్యాను గాలికి ఆరబెట్టాం. ఆరడానికి ఆరు వారాలు పట్టింది. ఒక పుస్తకంలో పదకొండు పేజీలు ఇక చదవలేం. వాటికి ఎక్కడా కాపీ లేదు.

ఆ పదకొండు పేజీల్లో ఎవరి పేర్లున్నాయో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. నాకు నిద్ర పట్టనిది అందుకే. మాలో ఎవరి నిర్లక్ష్యమూ లేదు, ఎవరికి చేతనైనంత వాళ్లు చేశారు, కానీ ఒక బేస్‌మెంట్, ఒక తాళంచెవి, ఏడెనిమిది మంది పెద్దవాళ్ల ఓపిక మీద రెండు వందల ఏళ్ల కాగితాలని నిలబెట్టడం న్యాయం కాదు.

రెండో దారి: ఆర్కైవ్‌కి అప్పజెప్పి, సంఘం చదివే పని చూసుకోవడం.

కెనడాలో పెద్ద ఉదాహరణ మా పక్కనే ఉంది. కెనడా యియర్లీ మీటింగ్ (దేశంలోని క్వేకర్లందరి ఉమ్మడి సంస్థ) ఆర్కైవ్ న్యూమార్కెట్‌లోని పికరింగ్ కాలేజీలో ఉంది. పేరు కాలేజీ అయినా అదొక బడి, 1842లో క్వేకర్లే పెట్టింది. కెనడియన్ ఫ్రెండ్స్ హిస్టారికల్ అసోసియేషన్ 1972లో మొదలైంది. వాళ్లు ఆ కాగితాలకి కాపలా కాయరు, వాటిని చదువుతారు. పత్రిక వేస్తారు, మినిట్స్ పుస్తకాలని టైపు చేసి అందరికీ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెడతారు. లండన్‌లోనూ ఇదే పద్ధతి. యూస్టన్ రోడ్డు మీద ఫ్రెండ్స్ హౌస్‌లో (1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన గాంధీజీకి స్వాగత సభ జరిగింది ఆ భవనంలోనే) జీతాలు తీసుకునే నిపుణులున్న గ్రంథాలయం ఉంది. 1903లో పుట్టిన ఫ్రెండ్స్ హిస్టారికల్ సొసైటీ ఏమో పక్కనే ఉంటూ ఉపన్యాసాలు, పత్రిక చూసుకుంటుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా క్వేకర్లు 1827లో హిక్సైట్లు, ఆర్థడాక్స్ అని రెండు వర్గాలుగా చీలిపోయారు, 1955లో మళ్లీ కలిశారు, అయినా హిక్సైట్ల అసలు పుస్తకాలు ఎక్కువగా స్వార్థ్‌మోర్ కాలేజీలో, ఆర్థడాక్స్ వాళ్లవి హావర్‌ఫర్డ్ కాలేజీలో ఉండిపోయాయి. ఆనాటి చీలిక పుస్తకాల అరల్లో ఇంకా కనిపిస్తుందన్నమాట. కానీ రెండు చోట్లా చల్లదనం, తేమ చూసుకునే గదులున్నాయి, రోజూ వచ్చే మనిషి ఉన్నాడు, పైపు పగిలితే గంటలో తెలుస్తుంది.

ఇందులో నష్టాలు లేవా అంటే ఉన్నాయి. దూరం ఒకటి. సంస్థకి బడ్జెట్ తగ్గితే ముందు కోత పడేది ఇలాంటి విభాగాల మీదే. ఇంకొకటి మనసుకి సంబంధించింది, పెట్టెలు వెళ్లిపోతే సంఘం కూడా చల్లబడిపోతుందేమోనని భయం. మా సమావేశంలో ఒకాయన "కాగితాలు పోయాక మనం ఎందుకు కలుస్తాం?" అని అడిగినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

దీనికి నాకు జవాబు దొరికింది 1840 నాటి ఇంగ్లండ్‌లో. పారిష్ చర్చిలవి కాని రిజిస్టర్లన్నీ ప్రభుత్వానికి అప్పజెప్పాలన్నప్పుడు క్వేకర్లు ఇచ్చారు, ఇప్పుడవి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కానీ ఇచ్చే ముందు ప్రతి నమోదు సారాంశాన్నీ చేత్తో ఎత్తి రాసుకున్నారు, డైజెస్ట్‌లు అంటారు వాటిని, ఒక ప్రతి లండన్‌లో, ఇంకో ప్రతి ఆయా ప్రాంతాల మీటింగుల దగ్గర. స్కానర్ లేని రోజుల్లో, లక్షల పేర్లు! ముందు కాపీ, తర్వాతే అప్పగింత. డబ్లిన్ కథ, మా బేస్‌మెంట్ కథ, ఈ 1840 కథ మూడూ కలిపి చూస్తే నాకు తేలింది ఒకటే. అగ్గి పెద్ద భవనానికీ వస్తుంది, నీళ్లు చిన్న గదికీ వస్తాయి. అసలు ప్రతి ఎక్కడుందన్నది రెండో ప్రశ్న, ఇంకో ప్రతి ఇంకోచోట ఉందా అన్నది మొదటిది.

కాబట్టి నా తీర్పు: అసలు పుస్తకాలు ఆర్కైవ్‌కి, మంచి స్కాన్‌లు మన దగ్గర ఒకటి, వేరే ఊళ్లో ఒకటి. ఒప్పందం మాత్రం తొందరపడి సంతకం పెట్టొద్దు. స్కాన్‌లు మనం ఉచితంగా పెట్టుకునే హక్కు రాసి ఉందా, సంస్థ ఆ విభాగం మూసేస్తే కాగితాలు తిరిగి ఎవరికి చేరతాయి, బతికున్నవాళ్ల సొంత విషయాలున్న ఇటీవలి మినిట్స్ ఎన్నేళ్లు మూసి ఉంచుతారు, ఈ మూడూ అడగండి. పూర్తిగా దానం ఇవ్వడమా, మన సొత్తుగానే ఉంచి అక్కడ దాచుకోవడమా అన్నదాని మీద సంస్థలు సాధారణంగా దానమే అడుగుతాయి, ఎందుకంటే తమది కాని కాగితాల మీద ఖర్చు పెట్టడం వాళ్లకి కష్టం. పై మూడు షరతులూ ఒప్పుకుంటే దానం ఇచ్చేయడమే మేలని నా అభిప్రాయం. డబ్లిన్ లాగా సొంత భవనం, తరతరాలుగా నిలిచిన వాలంటీర్ల వరుస ఉంటే ఉంచుకోండి. ఆ రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా వద్దు.

పత్రిక అచ్చు వేయాలా, ఇంటర్నెట్‌లో పెట్టాలా అన్నది దీనంత చిక్కు కాదు. మా చందాల్లో పెద్ద భాగం పోస్టేజీకే పోయేది. పీడీఎఫ్ ఉచితంగా పెట్టి, కాగితం మీద కావాలన్న పెద్దవాళ్లకి, రెండు గ్రంథాలయాలకి మాత్రం అచ్చు కాపీలు పంపుతున్నాం.

పాత చేతిరాతని సాఫ్ట్‌వేర్‌తో చదివించాలా, మనుషులే చదవాలా? మొదటి ముసాయిదా సాఫ్ట్‌వేర్ చేస్తే తప్పు లేదు, కానీ మనిషి చూడకుండా బయట పెట్టొద్దు, ఆ మనిషికి క్వేకర్ పద్ధతులు తెలిసుండాలి. క్వేకర్లు రోజులకీ నెలలకీ పేర్లు వాడేవాళ్లు కాదు, అవి పాత దేవతల పేర్లని. అంకెలే రాసేవాళ్లు. 1752కి ముందు ఇంగ్లండ్ లెక్కలో మొదటి నెల అంటే మార్చి, పదో నెల అంటే డిసెంబర్. 1752 నుంచి మొదటి నెల జనవరి, పదో నెల అక్టోబర్. మాలో ఒకరు ఆ పాత నియమం ఎక్కడో చదివి 1810ల పుస్తకానికి దాన్నే పట్టించారు. పదో నెల నాలుగో తేదీన జరిగిన పెళ్లి మా జాబితాలో డిసెంబర్‌కి వెళ్లిపోయింది, ఒక బిడ్డ పుట్టిన తేదీ మరుసటి ఏడాదికి జరిగింది. సరిదిద్దడానికి మూడు శనివారాలు పట్టింది. అప్పటి నుంచి తేదీని పుస్తకంలో ఉన్నట్టే ఒక గడిలో, మనం మార్చుకున్నది పక్క గడిలో రాస్తున్నాం. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, వాడకపోయినా ఈ రెండు గడుల పద్ధతి పెట్టుకోండి.

"కాగితాలు పోయాక మనం ఎందుకు కలుస్తాం?" అని అడిగినాయన ఇప్పుడు ప్రతి శనివారం వస్తున్నారు. ఆడవాళ్ల మీటింగ్ మినిట్స్ పుస్తకం స్కాన్ తెర మీద పెద్దదిగా పెట్టుకుని, ఆయన గట్టిగా చదువుతుంటే నేను టైపు చేస్తాను, పెద్దావిడ సరిచూస్తారు. అరవై ఒకటో పేజీలో ఉన్నాం. మీటింగ్ బయటివాణ్ణి పెళ్లి చేసుకుందని ఒకమ్మాయిని సభ్యత్వం నుంచి తీసేయాలా వద్దా అని నాలుగు నెలలుగా మాట్లాడుతున్నారు, ఇద్దరిని వెళ్లి ఆ అమ్మాయితో మాట్లాడి రమ్మన్నారు. వాళ్లు తెచ్చిన కబురు తర్వాతి పేజీలో ఉంది. వచ్చే శనివారం చదువుతాం.