మెయిల్‌మ్యాన్ 3: తెలుగు ప్రమాణాల గ్రూపుకు పెట్టుకునే ముందు

సభ్యులు హనుమకొండలో ఇద్దరు, కరీంనగర్‌లో ఒకరు, మిగతావాళ్లు వేరే దేశాల్లో. ఫాంట్లు, యూనికోడ్ ప్రమాణాల మీద పనిచేసే గ్రూపులు ఇట్లాగే ఉంటాయి. వాటికి వాట్సాప్ చాలదు. ఏ అక్షరం మీద ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో మూడేళ్ల తర్వాత చేరినవాళ్లకూ దొరకాలి. ఆ పనికి, గ్రూపు ఈమెయిళ్లను సభ్యులందరికీ పంపి దాచిపెట్టే, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ మెయిల్‌మ్యాన్ 3 గట్టి సాధనమే. కాకపోతే సెట్టింగులు మార్చకుండా వదిలేస్తే తెలుగుకు కష్టం.

అన్నిటికన్నా పెద్ద లోపం వెతుకులాటలో ఉంది. పాత ఉత్తరాలను చూపించే హైపర్‌కిట్టీతో మామూలుగా వచ్చే వెతుకులాట ఇంజను పేరు వూష్. అది గుణింతాలను, పొల్లును మాటలో భాగంగా లెక్కించదు. 'ప్రమాణం' అని వెతికితే ఆ మాటను ప, రమ, ణ అని ముక్కలు చేస్తుంది. ఒంటి అక్షరాలను వదిలేస్తుంది కూడా. మిగిలేది 'రమ' ఒక్కటే, ఫలితాలను నమ్మలేం. దాన్ని తీసేసి జేపియన్ అనే మరో ఇంజను పెట్టి, ఇండెక్సు (వెతకడానికి వాడే మాటల పట్టిక) మళ్లీ కట్టించాలి. ఈ పని మొదటిరోజే చేయండి.

తర్వాత సైజు. మెసేజ్ పరిమితి 40 కేబీ. తెలుగు కోడ్ ఒక్కోటి యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను దాచే పద్ధతి) 3 బైట్లు, దాన్ని ఈమెయిల్లో పంపడానికి మార్చే బేస్64లో 4. 'క్షా' ఒక్కటే నాలుగు కోడ్‌లు, అంటే 16 బైట్లు. పాత ఉత్తరమంతా కింద ఉంచి జవాబిస్తే, హెచ్‌టీఎంఎల్ ప్రతి (రంగులు, ఫాంట్లతో ఉండే రెండో ప్రతి) కూడా తోడై, పరిమితి దాటి మోడరేటర్ దగ్గర ఆగిపోతుంది. 'మెసేజ్ యాక్సెప్టెన్స్'లో పరిమితిని 200 కేబీ పెట్టండి.

సబ్జెక్టు ముందు గ్రూపు పేరు, అడుగున ఫుటరు చేరిస్తే పంపినవారి డీకిమ్ సంతకం (ఉత్తరం దారిలో మారలేదని చూపే డిజిటల్ గుర్తు) చెడుతుంది. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డీమార్క్‌ను (సరిచూపుకు నిలవని ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పే నియమం) 'రిజెక్ట్'కు మార్చినప్పటి నుంచి అలాంటి ఉత్తరాలు తిరిగొస్తున్నాయి. పైగా శిక్ష పడేది అందుకోవాల్సినవాళ్లకు: వాళ్ల బౌన్స్ స్కోరు (తిరిగొచ్చిన ఉత్తరాల లెక్క) రోజుకొకటి చొప్పున 5కు చేరితే ఉత్తరాలు ఆగిపోతాయి. డీమార్క్ మిటిగేషన్‌లో 'రిప్లేస్ ఫ్రమ్' (పంపినవారి అడ్రసు చోట లిస్టు అడ్రసు) ఎంచుకుంటే చాలు.

ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద నడపొద్దు, అందుకునే సర్వర్లు మన సర్వరు పేరును సరిచూసుకునే రివర్స్ డీఎన్ఎస్ మన చేతిలో ఉండదు. రివర్స్ డీఎన్ఎస్ ఇచ్చే అద్దె సర్వరు తీసుకోండి.

చర్చను పదేపదే చెడగొట్టే సభ్యుణ్ణి 30 రోజుల వరకు ఆపే అధికారాన్ని ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ సంస్థ 2004లో ఆర్‌ఎఫ్‌సీ 3934 అనే పత్రం ద్వారా తన గ్రూపు అధ్యక్షులకు ఇచ్చింది. మెయిల్‌మ్యాన్‌లో సభ్యుడి మోడరేషన్ 'రిజెక్ట్' చేస్తే అదే పని అవుతుంది. గడువు పెట్టే వీలు మాత్రం లేదు. తిరిగి తెరవాల్సిన తేదీని క్యాలెండర్‌లో రాసుకోవాలి.