హెడ్‌సెట్‌లోంచి హోసులు దిగే కార్బన్ సైకిలు ఫ్రేమ్: నాలుగేళ్ళ వాడకం తర్వాత

నా సైకిలు కార్బన్ రేసు ఫ్రేమ్ 22 వేల కిలోమీటర్లు, దాని తర్వాత కొన్న టైటానియం ఫ్రేమ్ 9 వేల కిలోమీటర్లు తిరిగినంక రాస్తున్నాను. రెండూ నల్లగొండ చుట్టే తిరిగాయి: నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ రోడ్డు, హాలియా మీదుగా సాగర్, అప్పుడప్పుడు డిండి దాటి మన్ననూర్ నుంచి దోమలపెంట దాకా అడవి రోడ్డు. చక్రాలు, టైర్లు, క్రాంకు, సీటు రెండింటికీ ఒకటే. కాబట్టి ఇక్కడ చెప్పే తేడాలు చాలావరకు ఫ్రేమువే. బరువులు, కొలతల పట్టికలు కంపెనీ పేజీల్లో దొరుకుతాయి, వాటి జోలికి పోను.

కార్బన్ ఫ్రేము మీద నా కోపమంతా ఒక్కదాని గురించే: బ్రేకు హోసుల్ని పై బేరింగు మధ్యలోంచి దించడం. హోసులంటే బ్రేకు నూనె పోయే సన్న గొట్టాలు. హెడ్‌సెట్ అంటే హ్యాండిల్ తిరగడానికి ఫ్రేము ముందు గొట్టంలో (హెడ్ ట్యూబు) పైనా కిందా ఉండే బేరింగుల జత.

పాత పద్ధతిలో హోసు హ్యాండిల్ ముందునుంచి వంపు తిరిగి వచ్చి డౌన్ ట్యూబు (ముందునుంచి పెడళ్ళ దగ్గరకు దిగే ఫ్రేము గొట్టం) పక్కనున్న రంధ్రంలో దూరేది. ఇప్పటి రేసు ఫ్రేముల్లో ఎక్కువవాటికి హోసులు స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కు గొట్టానికి పట్టి ఉంచే ముక్క) దగ్గరనుంచి దాని కింది స్పేసర్ రింగుల గుండా దిగి, పై బేరింగు లోపలి రింగుకూ ఫోర్కు గొట్టానికీ నడుమనున్న సందులోంచి పోతాయి. ఆ సందు కోసమే పై బేరింగును కూడా కింది బేరింగంత పెద్దది చేశారు. మామూలు హెడ్‌సెట్‌లో ఆ చోటును కంప్రెషన్ రింగు నిండుగా పట్టుకుని మూసేస్తుంది. ఇక్కడ ఆ రింగుకే హోసుల కోసం గాళ్ళు కోసి ఉంటాయి. అంటే పైనుంచి తడి దిగడానికి దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

చలిదేశాల్లో ఆ తడి వాన. మన దగ్గర చెమట, అది ఇంకా చెడ్డది. మే నెలలో ట్రైనర్ (ఇంట్లో ఒకే చోట తొక్కడానికి బండిని బిగించే స్టాండు) మీద గంట తొక్కితే ముక్కు కొసనుంచి కారే ప్రతి చుక్కా సరిగ్గా స్టెమ్ మీదే పడుతుంది. మన్ననూర్ అటవీ చెక్‌పోస్టు గేటు పొద్దున 6కు ముందు తియ్యరు కాబట్టి ఆ రూటులో తిరుగు ప్రయాణం ఎండలోనే. ఉప్పునీళ్ళు గ్రీసును దాటి గుండ్ల దాకా పోయాక మామూలు స్టీలు బేరింగు ఆగదు. పైగా బండ్ల వాటర్ సర్వీసింగుకు తీసుకుపోయి ప్రెషర్ గన్ను కొట్టిస్తే, మిగిలిన గ్రీసు కూడా ఆ గాళ్ళలోంచే బయటికి పోతుంది.

రెండో ఎండకాలం చివర్లో మొదటి గుర్తు కనబడింది. చేతులు వదిలితే బండి నేరుగా పోకుండా ఒక పక్కకు, మళ్ళీ ఇంకో పక్కకు లాగడం మొదలైంది. ముందు చక్రం ఎత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పితే బేరింగు చెడిందీ లేనిదీ తెలుస్తుందని అందరూ చెప్తారు. ఈ ఫ్రేముల్లో ఆ పరీక్ష మోసం చేస్తుంది. లోపల వంగి ఉన్న హోసులు స్ప్రింగులా నెడుతుంటాయి, మధ్యలో పట్టేసే చోటు వేలికి అందదు. ముందు బ్రేకు పట్టి ముందుకూ వెనక్కూ ఊపితే వచ్చే టకటక కూడా చాలాసార్లు హోసులు ట్యూబుకు తగిలే చప్పుడే. నమ్మదగిన పరీక్ష ఒక్కటే: చక్రం తీసి, టాప్ క్యాపు విప్పి, స్టెమ్ బోల్టులు వదులు చేసి, ఫోర్కును ఒక సెంటీమీటరు కిందికి జార్చి, బేరింగును వేలితో తిప్పి చూడాలి. అప్పుడు గోధుమరంగు నీళ్ళు, గరగర, ఒక చోట పూర్తిగా బిగుసుకుపోవడం అన్నీ బయటపడ్డాయి.

మామూలు ఫ్రేమైతే ఇక్కడినుంచి 20 నిమిషాల పని. ఇక్కడ పాత బేరింగును కోసి తీసేసినా లాభం లేదు, కొత్తది నిండు రింగు కదా, హోసుల చివరలనుంచే ఎక్కించాలి. అంటే రెండు బ్రేకులూ విప్పాలి. లీవరు రబ్బరు వెనక్కి తిప్పి, 8 మి.మీ. పానాతో నట్టు వదిలించి హోసు లాగాలి. లాగే ముందే హోసుకు పాత గేరు కేబులొకటి కట్టి పెట్టుకోకపోతే తిరిగి హ్యాండిల్‌లోకి ఎక్కించడానికి గంట పడుతుంది. హోసు కొసకు రబ్బరు బిరడా పెట్టకపోతే నూనె కొత్త బేరింగులోకే కారుతుంది. తిరిగి బిగించేటప్పుడు పాత ఆలివ్ (నట్టు కింద హోసును బిగించి పట్టే చిన్న రింగు) పనికిరాదు. దాని కిందికి హోసు నిలువుగా, తేటగా కోసి, కొత్త ఇన్సర్టు (హోసు కొసలో దూరే సన్న గొట్టం) కొట్టి, కొత్త ఆలివ్ వెయ్యాలి. ఆ తర్వాత ప్యాడ్లు తీసి, వాటి చోట బ్లీడ్ బ్లాకు (బ్రేకు పిస్టన్లను వెనక్కి పట్టి ఉంచే ముక్క) పెట్టి, సిరంజీతో కింది నుంచి నూనె నెట్టి గాలి బుడగలు పోయేదాకా ఆగాలి.

అసలు చిక్కు ఈ కోతలోనే ఉంది. ప్రతిసారీ హోసు 10 నుంచి 15 మి.మీ. పొట్టిదవుతుంది. కొత్త బండి కట్టినప్పుడే అందం కోసం హోసును సరిగ్గా సరిపోయేంత కోసి ఉంచుతారు. మొదటి మార్పు గడిచింది. రెండోసారికి హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ముందు హోసు లాక్కుపోయింది, అందుకని హోసే కొత్తది వెయ్యాల్సి వచ్చింది. కొనేటప్పుడే 3 సెంటీమీటర్లు ఎక్కువ ఉంచమని అడగండి. డౌన్ ట్యూబులో అంత చోటు ఉంటుంది.

అమ్మిన దుకాణం బేరింగు అరిగే సామాను, వారంటీలోకి రాదంది. అది న్యాయమే. కానీ ఆ సామాను మార్చడానికి బ్రేకులు విప్పాలని కొనే రోజు ఎవరూ చెప్పలేదు. నల్లగొండలో ఈ పని అప్పజెప్పదగిన చోటు నాకు దొరకలేదు. హైదరాబాద్ 100 కిలోమీటర్ల దూరం. బ్రేకులు విప్పిన బండిని కారులో వేసుకుపోవాలి.

బేరింగు కొనేటప్పుడు అంచు మీద చెక్కిన అంకెలు చదవండి. నా ఫ్రేముకు 40×52×7 (లోపలి వ్యాసం, బయటి వ్యాసం, ఎత్తు, మిల్లీమీటర్లలో), అంచుల వాలు 45/45 డిగ్రీలు. కోణం 36 ఉన్నది కూడా గూట్లో కూర్చున్నట్టే కనిపిస్తుంది, వారంలో మళ్ళీ ఆడుతుంది. స్టెయిన్‌లెస్ దొరికితే అదే వెయ్యండి. హోసుల చుట్టూ ఉన్న గాళ్ళను పడవలకు వాడే మందం గ్రీసుతో నింపి, ట్రైనర్ ఎక్కినప్పుడు స్టెమ్ మీద తువాలు కప్పితే మూడో బేరింగు ఏడాదిన్నరగా బాగానే ఉంది. కడగడానికి బకెట్టూ స్పాంజీ చాలు. తిరిగి బిగించేటప్పుడు ఫోర్కు కార్బన్ గొట్టం లోపలి ప్లగ్గు స్టెమ్ పట్టు ఉన్న ఎత్తులోనే ఉండాలి, కిందికి జారితే గొట్టం నలుగుతుంది.

ఈ ఫ్రేము కొన్న ఏడాది దాని వేగం గురించి చాలామందికి చెప్పాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. అవే చక్రాలు, అవే 28 మి.మీ. టైర్లు టైటానియం ఫ్రేముకు ఎక్కించాక ఆ వేగంలో చాలావరకు వాటితోపాటే వచ్చేసింది. హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు కింద ఉన్న 23 కిలోమీటర్ల ట్రాకు మీద ఒకే పవర్‌తో నడిపి చూస్తే కార్బన్‌దే పైచేయి, సందేహం లేదు. అయితే ఆ తేడా వదులు జెర్సీకీ బిగుతు జెర్సీకీ ఉన్న తేడా కంటే తక్కువే. బరువు సంగతీ అంతే. టైటానియం ఫ్రేము దాదాపు 700 గ్రాములు ఎక్కువ. మనిషీ బండీ కలిపి 80 కిలోలైతే అది నూటికి ఒక వంతు కూడా కాదు, గంటసేపు ఎక్కే ఘాట్‌లో అర నిమిషం. రేసులో అర నిమిషం పెద్దదే. నాగర్‌కర్నూల్ జిల్లా దాటితే గానీ గంట ఘాట్ లేని వాళ్ళకు కాదు.

కార్బన్ ఫ్రేము ప్రెస్‌ఫిట్ బాటమ్ బ్రాకెట్ (మరలు లేకుండా నొక్కి కూర్చోబెట్టిన, పెడళ్ళ ఇరుసు బేరింగులు) కూడా రెండుసార్లు కిర్రుమంది. వడ్లు ఆరబోసిన రోడ్ల దుమ్ము లోపలికి పోయినప్పుడల్లా అదే పాట. రెండు కప్పులూ ఒకదానిలో ఒకటి మరలతో బిగిసే రకం వేశాక ఆగింది, ఇక దాని మీద ఫిర్యాదు లేదు.

టైటానియంలో హోసులు బయటినుంచి వచ్చి డౌన్ ట్యూబులో దూరుతాయి. పై బేరింగు తీసి తుడిచి గ్రీసు పెట్టడానికి బ్రేకుల్ని ముట్టుకునే పని లేదు. హోసులు హెడ్ ట్యూబుకు రాసుకున్న గీతలు పచ్చ స్క్రబ్బరుతో రుద్దితే పోతాయి, పెయింటు లేదు కాబట్టి. దీని బాటమ్ బ్రాకెట్‌కున్న బీఎస్ఏ రకం మరల కప్పులకు మాత్రం యాంటీసీజ్ పేస్టు (లోహాలు అతుక్కోకుండా పూసేది) తప్పనిసరి. టైటానియంకు అల్యూమినియం తగిలి చెమట తాగితే అల్యూమినియం తుప్పు పట్టి అతుక్కుపోతుంది. కుడివైపు కప్పు ఎడమకు తిప్పితే బిగుస్తుంది, అది మరిచి బలం పెడితే మరలు పోతాయి. స్ప్రింటులో లేచి తొక్కితే వెనక కొంచెం మెత్తగా ఉంటుంది, ఆ లోటు ఉన్నమాటే.

లైసెన్సు రేసులు ఆడేవాళ్ళకూ, దగ్గర్లో బ్లీడ్ కిట్టున్న మెకానిక్ ఉన్నవాళ్ళకూ నేను టైటానియం కొనమని చెప్పను. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) ఆమోదపు స్టిక్కరు చూసుకుని కార్బన్ తీసుకోండి, 6.8 కిలోల కనీస బరువుకు దగ్గరగా బండి కట్టుకోండి. కార్బనే కావాలి, హోసులు మాత్రం బయటే ఉండాలనుకుంటే స్పెషలైజ్డ్ కంపెనీ 2020లో తెచ్చిన మొదటి ఏథోస్ లాంటివి ఉన్నాయి, వాడినవి దొరికితే ఫోర్కు గొట్టం విప్పి చూసి కొనండి. నాది మాత్రం ఏటా రెండో మూడో రేసులు, మిగతా దినాలు ఊళ్ళ రోడ్లు, సామాను నేనే విప్పుకునే లెక్క. ఇప్పుడు రోజూ బయటికి తీసేది టైటానియమే. కార్బన్ ట్రైనర్ మీదినుంచి దిగి, రేసుకు ముందు వారం మాత్రం రోడ్డెక్కుతుంది, అప్పుడు ముందు ఫోర్కు సెంటీమీటరు జార్చి బేరింగు చూస్తాను.